హీబ్రూభాషయందలి యుచ్చారణభేదములు

ఇజ్రాయేలు దేశమున టెల్ అవీవ్ నగరమునకు ఈశాన్యదిశను క్ఫార్ సాబా యను పట్టణము కలదు. తాతగారి పల్లె యని యా పేరునకు అర్థము. "ఆ యూరిలో" అని చెప్పవలసినపుడు శ్రద్ధతో వార్తలు చదువువాఁడు "బిఖ్ఫార్ సావా" యనును. ఆ యూరనే పుట్టి పెరిగినవాఁడు "బెక్ఫార్ సాబా" యనును. ఇంత చిన్న పదబంధమున మూఁడు చోట్ల భేదము. అధికరణార్థమును దెలుపు 'బె' మొదటివాని నోట 'బి' యైనది, కకారము ఖకారమైనది, బకారము వకారమైనది. మొదటి రూపము ప్రాచీనవ్యాకరణమునకు సమ్మతము. రెండవదానిని వైయాకరణులు చిరకాలము తప్పనియే చెప్పుచు వచ్చిరి. అయినను ఇంట బిడ్డలతో మాటాడునపుడు మొదటి రూపమును బలుకువాఁడు మిక్కిలి యరుదు.

లక్ష్యమును బట్టి సూత్రమా, సూత్రమును బట్టి లక్ష్యమా యను ప్రశ్న మనకుఁ గ్రొత్తది కాదు. పాణినీయము చదివిన నావంటివాఁడు సూత్రపక్షము వహించుట సహజము. నేనును మొదట నట్లే తలఁచితిని. హీబ్రూ విషయమును గొంత పరిశీలించిన పిమ్మట నా తలంపు నిలువలేదు. అచట శిష్టోచ్చారణము అనునదంతయుఁ బ్రాచీనము కాదు. వాడుక యుచ్చారణము అనునదంతయు నవీనమును గాదు. ఏది శిష్టమో నిర్ణయించునపుడు శబ్దశాస్త్రముతోపాటు వేఱొకటియుఁ బనిచేసినది. దానిని బాఠకులకుఁ జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా లిపిని గూర్చి యొక మాట. ఈ వ్యాసమున హీబ్రూపదములలోని 'ఖ'ను మన మహాప్రాణముగాఁ జదువరాదు. నాలుకమూలము అంగిటికిఁ జేరువయై, స్పృశింపక, గాలి రాచుకొనిపోవునట్లు పలుకవలయును. 'ఫ'యు నట్లే, క్రింది పెదవి పై పండ్లకుఁ దగులునట్టి ధ్వని యది.

హీబ్రూభాష క్రీ. శ. రెండవ శతాబ్దినాఁటికి జనవ్యవహారమునుండి క్రమముగాఁ దొలఁగి, శ్రుతిపఠనమునకును, ప్రార్థనకును, శాస్త్రగ్రంథములకును భాషయై నిలిచెను. ఆ లిపి హల్లులనే వ్రాయును. అచ్చులను బఠనస్వరమును దెలుపు గుర్తులను తిబెరియ పట్టణపుఁ బండితులు తరతరములు శ్రమించి కల్పించిరి. వారిలోఁ గడపటి మహనీయుఁడగు ఆహరోను బెన్ అషేరు సుమారు 930లో అచ్చుగుర్తులుంచిన మాతృక నేఁటికిని హీబ్రూ వైయాకరణులకుఁ బరమప్రమాణము. వారి పరిశ్రమము మన ప్రాతిశాఖ్యకారుల పరిశ్రమమువంటిది: పఠనమును గాపాడుటయే వారి లక్ష్యము, సంతలోఁ గూరలు బేరమాడువాని పలుకుతో వారికిఁ బని లేదు.

1881లో ఎలియేజెరు బెన్ యెహూదా పాలస్తీనాకు వచ్చి, తన యింట హీబ్రూ దక్క వేఱొక భాష వినఁబడరాదని నియమము పెట్టుకొనెను. 1890లో భాషాసమితి యేర్పడెను. 1953లో శాసనముచే భాషాపరిషత్తు దాని స్థానమున వెలసెను. ఈ మొదటి తరమువారు వ్యాకరణము చదివి మాటాడిరి. వారి బిడ్డలు మాటాడువారిని విని మాటాడిరి. ఇప్పటి భేదములు మిక్కిలిగా నీ రెండు తరముల నడుమఁ బుట్టినవే.

బ, గ, ద, క, ప, త అను నాఱు హల్లులు అచ్చునకుఁ బరమైనపుడు స్పర్శత్వము విడిచి ఊష్మములగునని ప్రాచీననియమము. ద్విత్వము గలిగినచో మాఱవు. మన గసడదవాదేశమును స్మరించిన పాఠకున కిది సులభముగా బోధపడును. పకారము వకారమగుట మనకును గలదు గదా. ఆ యాఱింటిలో నేఁడు మూఁటికే మార్పు మిగిలినది: బ వ యగును, క ఖ యగును, ప ఫ యగును. పదము నడుమ నీ మార్పు వాడుకయందును స్థిరముగా నున్నది. పదము మొదట, ఉపపదము చేరినపుడు మాత్రము వాడుక దానిని బాటింపదు. మన గసడదవాదేశమునకు మాటలలోఁ గలిగిన గతియే దానికినిఁ గలిగినది. కనుకనే "బెయేర్ షెవాలో" అనుటకు శిష్టుఁడు "బివ్ఏర్ షెవా" యనఁగా, బస్సులో కూర్చున్నవాఁడు "బెబెయేర్ షెవా" యనును. పేరు చెదరకుండుట వినువానికి మేలు. నగరము పేరు మొదటి యక్షరముననే మాఱిపోయినచోఁ గ్రొత్తవాఁడు దిగవలసిన చోట దిగఁడు.

ఈ నియమము జీవము గోల్పోయినదనుటకు శిష్టభాషయే సాక్షి. పదాదిని ఫకారము రాఁగూడదు; అయినను ఫలాఫెల్ అను తినుబండారము పేరును భాషాపరిషత్పండితుఁడు సైత మట్లే పలుకును. దూరశ్రవణయంత్రము పేరునుండి పుట్టిన "తిల్ఫేన్" అను క్రియలో హల్లునకుఁ బరమై ఫకారము నిలిచినది. ప్రాచీనసూత్రము చొప్పున నచటఁ బకారము రావలసియుండెను. అట్లయ్యును లెక్కించుట యనునర్థమున "లిస్పోర్" అనక "లిస్ఫోర్" అను పిల్లవానిని ఉపాధ్యాయుఁడు దిద్దును. పిల్లవాఁడు చేసినదేమి? "సాఫర్" (లెక్కించెను) అను రూపమునందు ఫకారమును వినియున్నాఁడు. దానినే తుమున్నర్థరూపమునకుఁ గొనిపోయినాఁడు. ధాతువు ఒకటియైనపుడు హల్లును ఒకటిగానే యుండవలయునని వాని బుద్ధికిఁ దోఁచినది. ఇది యలసత్వము కాదు, సామ్యము.

ఇట్టి సామ్యమే మఱి కొన్ని చోట్లఁ గాననగును. "వ్రాసితిని" యనుటకు "కాతవ్తి", "వ్రాసితిమి" యనుటకు "కాతవ్ను". రెంటను ఊనిక నడిమి యక్షరము మీఁదనే. "మీరు వ్రాసితిరి" అనుచోట మాత్రము ఊనిక తుదకుఁ బోయి, మొదటి యచ్చు లోపించి, "క్తవ్తేమ్" అను శిష్టరూప మేర్పడును. వాడుకవారు "కాతవ్తెమ్" అందురు; ఊనికను గదల్పరు. సముచ్చయార్థకమగు 'వె' ఓష్ఠ్యములకు ముందును, అచ్చు లుప్తమైన హల్లునకు ముందును 'ఉ' యగునని సూత్రము. "ఇల్లును గారును" అనుటకు శిష్టుఁడు "బయిత్ ఉమెఖోనిత్" అనును. వాడుకలో నంతటను 'వె'యే: "బయిత్ వెమెఖోనిత్". ఇవి సులభములు. ఇంతకంటె నాకు ముచ్చటయైనది "ఎఱుఁగుదును" అనునర్థమునఁ బ్రయోగించు మాట. శిష్టరూపము "మాకీర్", వాడుక "మేకీర్". ఈ ధాతువున మొదటి హల్లు నకారము. అది కకారముతోఁ గలిసి ద్విత్వమై, పూర్వము "మక్కీర్" అని వినఁబడుచుండెను. నేఁడు ద్విత్వమును బలుకువారు లేరు, శిష్టులును బలుకరు. ద్విత్వము పోఁగా నకారము జాడ చెవికిఁ దెలియదు. అపుడీ క్రియ "మేవీన్" (గ్రహించును), "మేకీమ్" (నిలుపును) మొదలగువాని గుంపులోనిదిగాఁ దోఁచును. ఆ గుంపు ననుసరించి "మేకీర్" అగును. కారణము శిష్టులు విడిచిన ద్విత్వము, నింద వాడుకవారిది! ద్విత్వమును దాము విడిచి, దాని ఫలమును మాత్రము పరులు నిలుపవలెననుట న్యాయమా?

1950వ దశకమున హైమ్ రోజెన్ అను భాషాశాస్త్రజ్ఞుఁడు వాడుకను దప్పుల పట్టికగాఁ గాక స్వతంత్రవ్యవస్థగా వివరింపఁ బూనెను. పండితులలోఁ గలకలము పుట్టినది. అట్టి కలకలము మన పత్రికల పాఠకులకుఁ బరిచితమే గనుక విస్తరింపను.

ఊనిక విషయము వేఱు. ఇచట వాడుకకుఁ దోడ్పడినది సామ్యము గాదు, తూర్పు ఐరోపాయూదుల పూర్వాభ్యాసము. వారు యిద్దిష్ భాష మాటాడుచు, హీబ్రూపదములను సైతము తుదినుండి రెండవ యక్షరము మీఁద ఊనికతోఁ జదువుచుండిరి. నవీనహీబ్రూ స్పెయినునుండి వెడలిన యూదుల సంప్రదాయము ననుసరించి తుది యూనికను గ్రహించెను. అయినను పేర్లలోఁ బాత యలవాటు నిలిచినది. ధర్మప్రవక్తయగు మోషేను బేర్కొనునపుడు ఊనిక తుదియందే. పొరుగింటి మోషేను బిలుచునపుడు మొదటియందు. "తిక్వా" అనఁగా ఆశ. జాతీయగీతము పేరునఁ దుదియూనిక, పేతఖ్ తిక్వా యను నగరమును వాడుకలోఁ బేర్కొనునపుడు 'తి' మీఁద ఊనిక. ఊనికచే నర్థము మాఱుటయుఁ గలదు: "బీరా" అను పదమునఁ దుది నూనినచో రాజధాని, మొదట నూనినచో నొక మద్యము. ఇంద్రశత్రుశబ్దమున స్వరము తప్పిన త్వష్టకు సంభవించినంత కీడు దీనివలన సంభవింపదు గాని, యుపన్యాసకునకు నవ్వులపాటు మాత్రము తప్పదు.

ఇఁక లోపమును గూర్చి. వాడుకలో హకారము తఱచుగా మాయమగును. "అనీ హోలేఖ్" (నేను పోవుచున్నాను) అనునది "అనీ ఓలేఖ్" అగును. నిశ్చితకర్మకు ముందు "ఎత్" అను నవ్యయమును, "హ" అను నుపపదమును జేర్పవలయును: "రాఈతి ఎత్ హసేఫెర్", అనఁగా "నేనా గ్రంథమును జూచితిని". త్వరలో నది "రాఈతి తసేఫెర్" అగును. ఎకారము పోయినది, హకారము పోయినది, తకారము గ్రంథమునకు నంటుకొన్నది. ఉపాధ్యాయులు దీనిని వీధిపలుకనియు, నిన్న మొన్న పుట్టిన భ్రష్టరూపమనియు నిందించుట కలదు.

1950వ దశకపు మొదట యూదయ యెడారిలోని మురబ్బఆత్ గుహలలోఁ బ్రాచీనలేఖలు దొరికినవి. క్రీ. శ. 132 మొదలు 135 వఱకు రోమకులపైఁ దిరుగఁబడిన బర్ కోఖ్బా తన సేనాని యొకనికి వ్రాయించిన యుత్తరము వానిలో నొకటి. అందు ఆకాశమును సాక్షిగాఁ బేర్కొను చోట "ఎత్ హషామయిమ్" అని యుండవలసినది "తషామయిమ్" అని వ్రాయఁబడియున్నది. "తసేఫెర్" అను బాలునకుఁ బదునెనిమిది వందలయేండ్ల పైఁబడిన ప్రయోగము అండగా నున్నదన్న మాట. ఆ బాలుఁ డా లేఖను జూచి నేర్చుకొనలేదు. నడుమ భాష మాటాడువారే లేకపోయిరి. ఒకే కారణము రెండు కాలములందు ఒకే ఫలమును బుట్టించినది. ఊనిక లేని చిన్న యక్షరములు వేగమున నలిగిపోవును. బర్ కోఖ్బా లేఖకుఁడు విన్నది విన్నట్లు వ్రాసెను. తిబెరియ పండితులు చదువవలసినది చదువవలసినట్లు గుర్తుంచిరి. రెండును హీబ్రూయే. ఒకదానిని మాత్రమే ప్రాచీనమనుట చెల్లదు.

కడపట కంఠ్యములను జెప్పవలయును. ఈ విచారమంతటిలో బరువైన భాగ మిదియే. హీబ్రూన ఆలెఫ్, అయిన్, హే, ఖేత్ అను నాలుగు కంఠ్యములు కలవు. ఆలెఫ్ కంఠమున గాలి క్షణము నిలిచి విడివడుట మాత్రమే. అయిన్, ఖేత్ అనునవి గొంతు లోపలిభాగము బిగించి పలుకవలసిన ధ్వనులు. అరబ్బీ తెలిసిన వానికి సుపరిచితములు. వాడుకలో అయిన్ ఆలెఫ్‌తోఁ గలిసి, పెక్కుచోట్ల రెండును వినఁబడక పోవును. ఖేత్, ఊష్మమైన కకారముతో నేకమగును. ఫలితముగా "అత్తా" యనఁగా 'నీవు', 'ఇపుడు' అను రెండర్థములు. "ఇమ్" అనఁగా 'అయినచో', 'తోడ' అను రెండర్థములు. "మాఖార్" అనఁగా 'రేపు', 'అమ్మెను' అను రెండర్థములు. వ్రాఁతలో నివి వేఱు వేఱు పదములు. చెవికి మాత్రము ఒక్కటే.

ఇదియుఁ గ్రొత్త సంగతి కాదు. యూదుల తల్ముదున నొక హాస్యకథ కలదు. ఒక గలిలయవాఁడు "అమర్" కావలెనని యడుగుచుఁ దిరిగెనఁట. వినువారు వానిని బరిహసించి, ఎక్కుటకు గాడిదయా, త్రాగుటకు ద్రాక్షరసమా, కట్టుటకు ఉన్నియా, కోయుటకు గొఱ్ఱెపిల్లయా యని యడిగిరఁట. హీబ్రూనకు సోదరియగు అరమేయికమున నీ నాలుగు పదములును కంఠ్యములచేతనే ప్రధానముగా భేదించును. వాఁడు కంఠ్యములను మ్రింగుటచే నాలుగు నొక్కటైనవి. అదే గ్రంథమున వేఱొకచోట నవ్వు లేని వాక్యము కలదు: బేత్ షెయాన్, హైఫా, తివ్ఓన్ అను నూళ్లవారు ఆలెఫ్‌ను అయిన్‌గాను, అయిన్‌ను ఆలెఫ్‌గాను బలుకుదురు గనుక వారిని బ్రార్థన నడపుటకు ముందు నిలుపరాదు. "హేలయః" అని పలికి యసురులు పరాభూతులైరని మహాభాష్యమున వినియున్న మనకు నా నిషేధములోని భయము బోధపడకపోదు. ప్రార్థనలో నక్షరము మాఱిన నర్థము మాఱును. అర్థము మాఱినచోఁ బ్రార్థన యెవరికిఁ జేరును?

ఇరువదవ శతాబ్దిలోఁ బాలస్తీనాకు వచ్చిన ఐరోపాయూదులకు అయిన్, ఖేత్ నోట రావు. వ్యాకరణము తెలిసిన వారి పెద్దలు నీ ధ్వనులే శుద్ధములని యంగీకరించిరి. తాము మాత్రము పలుకలేకపోయిరి. 1936లో హీబ్రూ ప్రసారము లారంభమైనవి. 1948నుండి దేశపు ఆకాశవాణికిఁ "గోల్ యిస్రాయేల్" అను పేరు కలిగెను. అచట వార్తలు చదువువారు అయిన్, ఖేత్ స్పష్టముగాఁ బలుకవలెననియు, ఱేఫమును గొండనాలుకచెంత గాక నాలుకకొనతో నదరించి పలుకవలెననియు నియమ ముండెను. పెక్కేండ్లకుఁగాని యది సడలలేదు.

1949–50లో యెమెనునుండి సుమారు 49,000 మంది, 1950–51లో ఇరాకునుండి సుమారు 1,20,000 మంది యూదులు ఇజ్రాయేలునకు వచ్చిరి. వీరికి అయిన్, ఖేత్ పుట్టుకతో వచ్చినవి. యెమెనువారి శ్రుతిపఠనమున పెక్కుచోట్ల నశించిన ద్విత్వాదిభేదములు సైతము నిలిచియున్నవి. ఆకాశవాణి పండితులు శిక్షణయిచ్చి నేర్పవలసిన ధ్వనులను వీరు వంటయింట, బండిమీఁద, పొలమునఁ బలుకుచుండిరి. శిష్టోచ్చారణము వీరిదే కావలసియుండెను గదా?

కాలేదు. వీధిలో నా ధ్వనులు వినఁబడినపుడు ఇది శుద్ధమని యెవరును మెచ్చలేదు. వీఁడు తూర్పుదేశములనుండి వచ్చినవాఁడు, నాగరికత యెఱుఁగనివాఁడు అని తలంచిరి. హైమ్ బ్లాంక్ అను పండితుఁడు నాఁటి వ్యవహారమును సామాన్యము, అరబ్బీచ్ఛాయ గలది యని రెండుగా విభజించెను. సంఖ్యలో రెండవవారు తక్కువ గాకున్నను, గౌరవమున మొదటిదే మేలుచేయి. వారి బిడ్డలు పాఠశాలలోఁ, బిదప సైన్యములోఁ దోడివారివలెఁ బలుకనేర్చి, ఇంటఁ దల్లి పలుకు అయిన్‌ను విడిచిరి. యెమెనునఁ బుట్టిన గాయని షోషానా దమారి (2006లో గతించెను) కంఠ్యములను స్పష్టముగాఁ బలుకుచుఁ బాడఁగా శ్రోతలు పరవశించిరి. అవే ధ్వనులు అంగడిలోఁ గూరలమ్మువాని నోటఁ బరిహాసాస్పదములైనవి. ధ్వని యొకటే, స్థానము ఒకటే, ప్రయత్నము ఒకటే. పలుకువాఁడు మాత్రము వేఱు. శిక్షాగ్రంథములు చెప్పు వర్ణదోషములలో నీ దోషమును నేనెందును జదువలేదు.

మఱియొక విశేషము. ఆకాశవాణివారు అయిన్, ఖేత్‌లను గోరిరి గాని, ప్రాచీనభేదములన్నిటిని గోరలేదు. కోఫ్ అను వర్ణము నాలుకను మిక్కిలి వెనుకకుఁ జేర్చి పలుకవలసినది, కాఫ్‌నుండి వేఱైనది. తేత్ అను వర్ణము తకారమునుండి వేఱైనది. బాగ్దాదునుండి వచ్చినవారు కోఫ్‌ను భేదముతోఁ బలుకుదురు. సనావారు దానిని గకారముగాఁ బలికి కాఫ్‌నుండి వేఱుపఱతురు. ఐరోపావారి నోట నివి కలిసిపోయినవి. శిష్టోచ్చారణమునందును గలిసియే యున్నవి. ఆకాశవాణి పేరులోని "కోల్" అను పదమునకు గళమని యర్థము. దాని మొదటి యక్షరము కోఫ్. కాఫ్‌తో వ్రాయు "కోల్" అనఁగా 'ఎల్ల'. దేశపు గళము అను పేరును, ఎల్ల యిస్రాయేలు అను మాటయు శుద్ధోచ్చారణమునకుఁ బేరుగన్న యా వార్తాపాఠకుల నోట నొక్క తీరుననే వినఁబడుచుండెను. బాగ్దాదు వృద్ధుఁడు మాత్రము రెంటిని వేఱుగాఁ బలుకును. వానిని బిలిచి యడిగినవారు లేరు.